లోడు తెగిన ఇంజన్ని ఎవరు ఆపుతారు?

(మన హాస్టల్ పూర్వ విద్యార్థి, ఎం.టెక్. థర్మల్ ఇంజనీరింగ్)



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ గారు ఫోన్ చేశారు. జ్ఞాపకాలు రాసేవాళ్ళు చాలామంది ఉంటారు కనుక, నేను చదువుకున్న చదువులోంచి ఒక్క విషయం మీకు చెబుదామనుకున్నాను. మనలో చాలామంది ఇళ్ళలో ఎవరో ఒకరు డీజిల్ ఇంజన్ని నమ్ముకుని బతుకుతున్నవాళ్ళే. హైవే మీద లారీ డ్రైవర్లు, పరిటాల, దొనబండ వైపు క్వారీల్లో టిప్పర్లు తోలేవాళ్ళు, జగ్గయ్యపేట సిమెంటు ఫ్యాక్టరీలకు సున్నపురాయి తోలేవాళ్ళు, ట్రాక్టరు, కోత మిషను మీద పనిచేసేవాళ్ళు ఉన్నారు. అందుకే ఈ వ్యాసం పరీక్షకు పనికొచ్చినా రాకపోయినా ఇంటికి పనికొస్తుందని నా నమ్మకం.

విషయం ఇది. బరువు లాగుతున్న ఇంజనుకు, చక్రాలకు మధ్య ఉండే జాయింట్ షాఫ్టు ఒక్కసారిగా తెగిపోతే ఇంజను ఏమవుతుంది? దాన్ని కాపాడేది ఏమిటి?

మా నాన్న టిప్పరు

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా, 2016 జనవరిలో, సంక్రాంతి సెలవులు అయి హాస్టల్‌కు తిరిగొచ్చిన వారంలోనే ఇది జరిగింది. మా నాన్న అప్పుడు ఒకాయన దగ్గర పాత టిప్పరు తోలేవాడు. నిండా లోడుతో క్వారీ గుంటలోంచి పైకి ఎక్కుతున్నాడు. రెండో గేరు, రేసు పూర్తిగా నొక్కి ఉంది. కింద ఫట్‌మని పెద్ద శబ్దం వచ్చింది. షాఫ్టు క్రాస్ విరిగింది. ఆ మరుక్షణమే ఇంజను ఎప్పుడూ వినని గొంతుతో అరిచిందట. నాన్న కాలు తీసేలోపే రాడ్డు బ్లాకు పగలగొట్టుకుని బయటికొచ్చింది. బండి వెనక్కి జారబోతే బ్రేకు వేసి ఆపాడు. క్లీనరు దిగి టైరు కింద రాయి పెట్టాడు. అదృష్టం కొద్దీ ఎవరికీ ఏమీ కాలేదు.

ఓనరు మాత్రం ఒక్కటే మాట అన్నాడు: "రేసు తొక్కి తొక్కి నా ఇంజను చంపావు కదరా."

"కాదండీ, నేను వెంటనే కాలు తీసేశానండీ" అని నాన్న చెప్పినా వినలేదు. ఏడాదిన్నర పాటు జీతంలోంచి నెలకు రెండు వేలు పట్టుకున్నాడు. ఆ ఆదివారం నన్ను చూడటానికి హాస్టల్‌కు వచ్చిన నాన్న, నేను అడిగిన కంపాస్ బాక్సు తేలేదు. ఎందుకు తేలేదో చెప్పలేదు. రోజులు గడిచేకొద్దీ నాన్న కూడా తన కాలు ఆలస్యమైందేమోనని అనుకోవడం మొదలుపెట్టాడు. ఆ మాట నిజమా కాదా అన్నది నాకు బి.టెక్. మూడో ఏడాదిలో గానీ తెలియలేదు.

బెల్టు జారిన ఆయిల్ ఇంజను

మున్నేటి ఒడ్డున ఆయిల్ ఇంజను పెట్టి నీళ్ళు తోడటం చూసినవాళ్ళకు ఈ విషయం సగం తెలిసినట్టే. ఇంజను చక్రం నుంచి పంపుకు బెల్టు ఉంటుంది. అప్పుడప్పుడు ఆ బెల్టు జారిపడుతుంది. అంతవరకూ బరువుగా కొట్టుకుంటున్న ఇంజను ఒక్కసారి గుక్క తిప్పుకోకుండా పరుగందుకుంటుంది. ఒకటి రెండు క్షణాల్లో మళ్ళీ తనంతట తానే సర్దుకుని మామూలుగా తిరుగుతుంది. దగ్గర ఎవరూ లేకపోయినా సర్దుకుంటుంది.

అలా సర్దేది గవర్నరు. ఇంజనుతో పాటు తిరిగే రెండు గుండ్లు, వాటిని లోపలికి లాగి పట్టే ఒక స్ప్రింగు ఉంటాయి. వేగం పెరిగితే గుండ్లు బయటికి విచ్చుకుంటాయి. ఆ కదలిక ఒక లింకు ద్వారా డీజిల్ పంపును తగ్గిస్తుంది. గుండ్ల గవర్నరును 1788లో జేమ్స్ వాట్ ఆవిరి ఇంజనుకు వాడాడు. రంగులరాట్నం జోరుగా తిరిగినప్పుడు కుర్చీలు బయటికి విసిరినట్టు లేస్తాయి కదా, ఇదీ అంతే.

లారీలో బెల్టు లేదు. క్లచ్చి, గేరుబాక్సు, జాయింట్ షాఫ్టు, క్రౌను, యాక్సిల్ ఉన్నాయి. వీటిలో ఏది తెగినా ఇంజనుకు మాత్రం బెల్టు జారినట్టే. మోస్తున్న బరువు ఒక్క క్షణంలో మాయమవుతుంది.

డీజిల్ ఇంజను విషయంలోనే ఎందుకింత భయం?

మామూలు పెట్రోలు ఇంజనులో మనం యాక్సిలరేటరు తగ్గిస్తే లోపలికి వెళ్ళే గాలి దారి మూసుకుంటుంది. గాలి లేకపోతే మంట లేదు. డీజిల్ ఇంజను అలా కాదు. అది ఎప్పుడూ నిండుగా గాలి పీల్చుకుంటుంది. ఆ గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికి డీజిల్ దానంతట అదే అంటుకుంటుంది. రుడాల్ఫ్ డీజిల్ 1897లో నడిపి చూపించిన ఇంజను సూత్రం ఇదే. కాబట్టి ఇందులో శక్తిని నిర్ణయించేది గాలి కాదు, ఎంత డీజిల్ పడుతోందన్నది.

దీనివల్ల ఒక చిక్కు ఉంది. బరువు పోయినా డీజిల్ అదే కొలతలో పడుతూ ఉంటే ఇంజను వేగం పెరుగుతుంది. వేగం పెరిగితే నిమిషానికి పడే దఫాలు కూడా పెరుగుతాయి. గాలికి కొదవ లేదు. అంటే ఇంజను తనంతట తానుగా భద్రమైన వేగం దగ్గర ఆగదు. బయటి నుంచి ఎవరో ఒకరు డీజిల్ తగ్గించాలి, లేదా లోపల ఏదో ఒకటి విరగాలి.

ఒక చిన్న లెక్క

తొమ్మిదో తరగతిలో బలం = ద్రవ్యరాశి × త్వరణం అని చదువుకున్నాం. తిరిగే వస్తువులకు కూడా అదే సూత్రం వేరే రూపంలో ఉంటుంది. తిప్పే బలాన్ని, అంటే టార్కును, జడత్వ భ్రామకంతో భాగిస్తే వేగం ఎంత తొందరగా పెరుగుతుందో వస్తుంది.

ఒక ఆరు సిలిండర్ల లారీ ఇంజను 600 న్యూటన్ మీటర్ల టార్కు ఇస్తోందనుకుందాం. ఫ్లైవీలు, క్రాంక్ షాఫ్టు అన్నీ కలిపి జడత్వ భ్రామకం 2 కిలోగ్రామ్ మీటర్ స్క్వేర్ అనుకుందాం. 600ను 2తో భాగిస్తే 300. అంటే సెకనుకు 300 రేడియన్ల చొప్పున వేగం పెరుగుతుంది. ఆర్.పి.ఎం.లోకి మారిస్తే ప్రతి సెకనుకూ దాదాపు 2,860 ఆర్.పి.ఎం. పెరుగుతుంది.

షాఫ్టు తెగినప్పుడు ఇంజను 1,500 దగ్గర ఉంటే, అర సెకనులో 2,900 దాటుతుంది. ఒక సెకనులో 4,300 దాటుతుంది. వేగం పెరిగేకొద్దీ టార్కు కొంత తగ్గుతుంది కాబట్టి నిజంలో కాస్త నెమ్మదిగా జరగవచ్చు. కానీ ఇలాంటి ఇంజన్లు మామూలుగా 2,500 చుట్టుపక్కల తిరగడానికి తయారైనవి. ఆ హద్దు చేరడానికి మూడో వంతు సెకను చాలు.

అనుకోని శబ్దం విని, అదేమిటో అర్థం చేసుకుని, కాలు తీయడానికి మనిషికి దాదాపు ఒక సెకను పడుతుంది. ఎంత అనుభవం ఉన్న డ్రైవరుకైనా ఇంతే. ఇంజను ఎంత శక్తివంతమైనదైతే గడువు అంత తక్కువ. శక్తి పెరిగినంతగా ఫ్లైవీలు బరువు పెరగదు కదా.

వేగం మించితే ఏం విరుగుతుంది?

పిస్టను ప్రతి చుట్టులోనూ పైకి వెళ్ళి ఆగి, కిందికి వచ్చి ఆగి, మళ్ళీ పైకి వెళుతుంది. దాన్ని అలా ఆపి లాగే భారమంతా కనెక్టింగ్ రాడ్డు, దాని బోల్టుల మీద పడుతుంది. ఈ భారం వేగానికి వర్గంలో పెరుగుతుంది. వేగం రెట్టింపైతే భారం నాలుగు రెట్లు. 2,500 తిరగాల్సింది 3,750 తిరిగితే, అంటే ఒకటిన్నర రెట్లయితే, భారం రెండుంపావు రెట్లు. బోల్టు సాగి తెగితే రాడ్డు బ్లాకులోంచి బయటికొస్తుంది.

వాల్వులకూ ఇదే కష్టం. వాటిని మూసే స్ప్రింగులు అంత వేగాన్ని అందుకోలేవు. సగం తెరిచి ఉన్న వాల్వును పైకొచ్చిన పిస్టను గుద్దుతుంది. ఫ్లైవీలు లాంటి బరువైన చక్రం పగిలితే ముక్కలు తూటాల్లా వస్తాయి. ఇంజను గాడి తప్పి అరుస్తుంటే చక్రానికి ఎదురుగా, పక్కగా నిలబడవద్దనేది అందుకే.

గుండ్ల నుంచి ఈసీయూ దాకా

పాత లారీల్లో డీజిల్ పంపు ఇంజను పక్కన ఒక వరసలో ఉండేది. బాష్ కంపెనీ 1927 నుంచి ఇలాంటి పంపులను పెద్ద ఎత్తున తయారు చేసింది. పంపులో ర్యాకు అనే కడ్డీ ఇటూ అటూ జరిగి డీజిల్ కొలతను మారుస్తుంది. పంపు వెనకాల గుండ్ల గవర్నరు ఉంటుంది. రేసు పూర్తిగా నొక్కి ఉన్నా సరే, హద్దు దాటగానే గుండ్లు ర్యాకును వెనక్కి లాగేస్తాయి. అన్నీ సరిగ్గా ఉంటే ఇది మంచి కాపలాదారే. కానీ గుండ్లు అరుగుతాయి, స్ప్రింగు సాగుతుంది, ర్యాకు బిగుసుకుంటుంది. అన్నిటికంటే ముఖ్యంగా, హద్దు పెట్టే స్క్రూను మనిషి తిప్పగలడు. అందుకే కంపెనీ దానికి వైరు వేసి సీలు కొడుతుంది.

ఇప్పటి బండ్లలో ఈ పని ఈసీయూ అనే చిన్న కంప్యూటరుది. మన దేశమంతటా 2017 ఏప్రిల్ నుంచి బీఎస్-4, 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 పొగ నిబంధనలు వచ్చాక కొత్త లారీల్లో ఎలక్ట్రానిక్ పద్ధతి మామూలైపోయింది. అది పనిచేసే తీరు ఇలా ఉంటుంది.

క్రాంక్ షాఫ్టుతో పాటు తిరిగే ఒక పళ్ళ చక్రం ఉంటుంది. చాలా ఇంజన్లలో 60 పళ్ళకు చోటుండి, గుర్తు కోసం రెండు తీసేసి 58 ఉంచుతారు. ఎదురుగా ఉన్న సెన్సరు ఒక్కో పన్ను దాటినప్పుడల్లా సంకేతం పంపుతుంది. 1,500 ఆర్.పి.ఎం. అంటే సెకనుకు 25 చుట్లు. 25ను 58తో గుణిస్తే సెకనుకు 1,450 సంకేతాలు. పన్నుకూ పన్నుకూ మధ్య కాలం తగ్గుతోందంటే వేగం పెరుగుతోందని ఈసీయూకు తెలిసిపోతుంది.

షాఫ్టు తెగిందని ఈసీయూకు తెలియదు. తెలియనక్కరలేదు కూడా. దానికి కావలసింది వేగం ఒక్కటే. వేగం మామూలు హద్దు దాటుతుంటే డీజిల్‌ను కొంచెం కొంచెంగా తగ్గిస్తుంది. చివరి హద్దు చేరితే ఇంజెక్టరు తెరవమనే విద్యుత్ సంకేతాన్నే ఇవ్వదు. డీజిల్ పడదు. వేగం దిగాక మళ్ళీ ఇస్తుంది. దీన్నే రెవ్ లిమిటర్ అంటారు.

ఇది ఎంత తొందరగా జరుగుతుందో చూడండి. ఆరు సిలిండర్ల ఇంజనులో ఒక్కో సిలిండరులో రెండు చుట్లకు ఒకసారి డీజిల్ పడుతుంది. 1,500 దగ్గర మొత్తం సెకనుకు 75 సార్లు. అంటే ఒక దఫాకూ తర్వాతి దఫాకూ మధ్య సెకనులో 75వ వంతు. మన లెక్క ప్రకారం ఆ వ్యవధిలో ఇంజను 38 ఆర్.పి.ఎం. మాత్రమే పెరుగుతుంది. ఈసీయూ ప్రతి దఫాకు ముందు "ఇప్పుడు వేయాలా వద్దా" అని నిర్ణయించగలదు. మనిషి కాలికి ఒక సెకను పట్టే పనిని అది ఇంత తక్కువ కాలంలో చేస్తుంది.

దీనివల్ల ఇంకో మేలుంది. షాఫ్టు తెగిన క్షణంలో డ్రైవరు చూసుకోవలసింది ఇంజన్ని కాదు, రోడ్డును. ఇంజను బ్రేకింగ్ పోయింది. ఎత్తు మీద ఉంటే బండి వెనక్కి జారుతుంది. ఊగుతున్న షాఫ్టు గాలి పైపులను కొట్టవచ్చు. ఇంజను సంగతి లిమిటర్ చూసుకుంటే డ్రైవరు బ్రేకు మీద, వెనక ఉన్న మనుషుల మీద దృష్టి పెట్టగలడు.

రైలింజనులోనూ ఇదే భయం

ఇది లారీలకే పరిమితం కాదు. విజయవాడ డీజిల్ లోకో షెడ్డు పేరు మీరు వినే ఉంటారు. దేశంలో చాలాకాలం రైళ్ళను లాగిన డబ్ల్యూడీఎం-2 ఇంజనుకు 16 సిలిండర్లు, 2,600 హార్స్ పవర్, గరిష్ఠంగా 1,000 ఆర్.పి.ఎం. అందులో డీజిల్ ఇంజను జనరేటరును తిప్పుతుంది, ఆ కరెంటుతో చక్రాల మోటార్లు తిరుగుతాయి. ఏదైనా లోపం వచ్చి జనరేటరు లోడు ఒక్కసారిగా తెగితే షాఫ్టు తెగినట్టే. అందుకని అందులో గవర్నరు ఒకటి, అది విఫలమైతే డీజిల్ పూర్తిగా ఆపేసే ఓవర్ స్పీడ్ ట్రిప్ వేరే ఒకటి పెట్టారు. ఆ ట్రిప్ ఒకసారి పడితే మనిషి వెళ్ళి చేత్తో రీసెట్ చేయాల్సిందే. అంటే ఏం జరిగిందో ఒకరు చూడకుండా ఇంజను మళ్ళీ నడవదు.

ఆసుపత్రుల్లో, కోల్డ్ స్టోరేజీల్లో ఉండే పెద్ద జనరేటర్లకూ ఇదే సూత్రం. 50 సైకిళ్ళ కరెంటు కోసం అవి సాధారణంగా 1,500 ఆర్.పి.ఎం. దగ్గర తిరుగుతాయి. బ్రేకరు పడి లోడు పోగానే వేగాన్ని గవర్నరు పట్టుకోవాలి.

లిమిటర్ చేయలేనివి

ఇది సర్వరోగ నివారిణి కాదు. లిమిటర్ తాను ఇచ్చే డీజిల్‌ను మాత్రమే ఆపగలదు. మూడు సందర్భాల్లో అది నిస్సహాయం.

ఒకటి, ఘాట్ రోడ్డు దిగుతూ పొరపాటున చిన్న గేరు వేస్తే చక్రాలే ఇంజన్ని తిప్పుతాయి. డీజిల్ ఆపినా వేగం ఆగదు.

రెండు, టర్బో సీలు పాడై ఇంజను ఆయిలు గాలితో పాటు లోపలికి వెళితే, ఇంజను తన సొంత ఆయిలునే తాగి పరుగెడుతుంది. తాళం తీసేసినా ఆగదు.

మూడు, చుట్టూ ఉన్న గాలిలోనే మండే ఆవిరి ఉంటే అదే ఇంధనమవుతుంది. 2005 మార్చి 23న అమెరికాలో టెక్సాస్ సిటీ రిఫైనరీలో పేలుడు జరిగి 15 మంది చనిపోయారు. లీకైన ఆవిరిని పీల్చి వేగం మించిపోయిన ఒక డీజిల్ పికప్ బండే ఆ మేఘాన్ని అంటించి ఉంటుందని దర్యాప్తులో తేల్చారు. ఇలాంటి చోట్ల గాలి దారినే మూసేసే వాల్వు అవసరం.

ఇంట్లో చెప్పవలసిన మాటలు

1. పంపు సీలు తెంచి స్క్రూ తిప్పించడం, కొత్త బండ్లలో ఈసీయూ ప్రోగ్రాం మార్పించడం "పుల్లింగు" కోసం చేస్తారు. రెండు ట్రిప్పులు ఎక్కువ తోలవచ్చునేమో కానీ, తెగిన రోజున కాపలాదారు ఉండడు.

2. షాఫ్టు క్రాస్‌లకు గ్రీజు పెట్టించండి. గేరు వేసి క్లచ్చి వదిలినప్పుడు కింద టక్కుమంటే, బండి కదిలాక అదురుతుంటే చూపించండి. క్రాస్ విరగకముందు చాలాసార్లు ఇలాంటి సూచన ఇస్తుంది.

3. ఇంజను అదుపు తప్పితే ముందు డీజిల్ ఆపాలి. అయినా ఆగకపోతే గాలి దారి మూయాలి. దానికి చెయ్యి, గుడ్డ అడ్డం పెట్టవద్దు, లాగేసుకుంటుంది. గట్టి పలక కావాలి. దగ్గరికి వెళ్ళడం ప్రమాదమనిపిస్తే మనుషులను దూరం జరపండి. ఇంజను పోతే ఇంకోటి వస్తుంది.

చివరిగా

మా నాన్న టిప్పరు ఇంజను విప్పినప్పుడు పంపు మేస్త్రి రెండు మాటలు చెప్పాడట. పంపుకు సీలు వైరు లేదు, ర్యాకు సాఫీగా కదలడం లేదు అని. సీలు తెంపించింది నాన్న కాదు. ఆ బండి నాన్న చేతికి వచ్చేటప్పటికే అలా ఉంది. గవర్నరు సరిగ్గా ఉండి ఉంటే, కాలు రేసు మీదే ఉన్నా ఇంజను హద్దు దగ్గర ఆగేది. ఆ రెండు మాటల విలువ అప్పుడు మా ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలిసినవాళ్ళు చెప్పలేదు.

బి.టెక్. మూడో ఏడాదిలో గవర్నర్ల పాఠం అయిన సెలవుల్లో ఇంటికి వెళ్ళి, పైన చెప్పిన లెక్కంతా నోటుబుక్కు మీద వేసి నాన్నకు చూపించాను. నాన్న ఐదో తరగతి వరకే చదివాడు. రేడియన్లు అర్థం కాలేదు. కానీ "మూడో వంతు సెకను", "ఒక సెకను" అన్న రెండు అంకెలూ పక్కపక్కన రాస్తే చాలాసేపు చూశాడు. "అయితే ఎవరి కాలైనా అంతేనా?" అని అడిగాడు. "ఎవరి కాలైనా అంతే నాన్నా" అన్నాను. ఇంకేమీ అనలేదు. ఆ కాగితం చింపి ఇమ్మని అడిగి, లైసెన్సుతో పాటు కవరులో పెట్టుకున్నాడు.

కోత పెట్టిన డబ్బులు తిరిగి రాలేదు. కానీ ఇప్పుడు నాన్న ఎక్కే కొత్త బండిలో వేగం హద్దు దాటితే ఈసీయూ జ్ఞాపకంలో నమోదవుతుంది. ఆ బండి ఎక్కిన మొదటి రోజునే నాన్న ఆ సంగతి షోరూం వాళ్ళను అడిగి తెలుసుకున్నాడు.

తమ్ముళ్ళూ, మన ఇళ్ళలో జరిగిన నష్టాలకు చాలాసార్లు మనవాళ్ళే తప్పు చేశారని తీర్పు వస్తుంది. ఎదురు చెప్పడానికి మన దగ్గర లెక్క ఉండదు. ఫిజిక్సు సారు బోర్డు మీద సూత్రం రాసినప్పుడు అది ఎవరి పనికి సంబంధించిందో ఒక్కసారి ఆలోచించండి. ఆ మనిషి మీ ఇంట్లోనే ఉండవచ్చు.